లేపాక్షి పైకప్పు చూసి ప్రొఫెసర్లయ్యారు.. మీరెంతసేపు చూశారు?

హిందూపురం నుంచి లేపాక్షికి 15 కిలోమీటర్లు కూడా ఉండదు. అనంతపురం వైపు చదువుకున్నవాళ్లెవరైనా ఒక్కసారైనా వెళ్లే ఉంటారు. వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి ఇటునుంచి అటు లాగి ఉంటారు. పెద్ద నంది ముందు ఫొటో దిగి ఉంటారు. కల్యాణ మండపం ఎందుకు సగంలో ఆగిపోయిందో, విరూపణ్ణ కళ్లు ఏమయ్యాయో గైడు చెప్పిన కథ విని ఉంటారు. సరే, మండపంలో నిలబడి తలెత్తి పైకప్పును ఎంతసేపు చూశారు? రెండు నిమిషాలా? మెడ నొప్పి పుట్టి బయటికొచ్చేశారా?

ఆ పైకప్పునే ఏళ్ల తరబడి చూసి, అందులో ఎవరెవరున్నారో, ఏం కట్టుకున్నారో, ఏ కథ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రాసి పెట్టిన మనుషులున్నారు. అది వాళ్ల ఉద్యోగం. యూనివర్సిటీలో జీతం తీసుకుంటూ, పిల్లలకు పాఠాలు చెబుతూ చేసిన పని. ఆ పనిని కళాచరిత్ర అంటారు, చేసేవాళ్లను ఆర్ట్ హిస్టారియన్లంటారు. బొమ్మలు గీయడం రావాల్సిన పని లేదు, చూడటం రావాలి. చూసింది చదవడం, రాయడం రావాలి.

డిగ్రీ ఫైనలియర్‌లో ఉన్న మీకు ఈ మాట చెబితే ముందుగా ఇంట్లో ఏమంటారో తెలుసు. 'బొమ్మల చరిత్ర చదివితే కూడెట్ల వస్తాదిరా?' వాన రాక, శనక్కాయ పంట చేతికి అందక, బోరు మీద బోరు వేసి అప్పులపాలైన ఇళ్లలో ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు కింద ఉంది, దాటవేయబోవడం లేదు. ముందు ఈ దారిలో నడిచినవాళ్ల సంగతి చూద్దాం.

జర్మనీ నుంచి కూర్మశైలం దాకా

అన్నా డల్లపికోలా ఇటలీ నుంచి వచ్చిన పండితురాలు. భారతీయ కళాచరిత్రలో పీహెచ్‌డీ చేసింది జర్మనీలోని హైడెల్‌బర్గ్ యూనివర్సిటీలో. అక్కడి దక్షిణాసియా విద్యాకేంద్రంలోనే 1971 నుంచి 1995 వరకు భారతీయ కళ బోధించారు. బ్రిటన్‌లో ఎడిన్‌బరో యూనివర్సిటీ కూడా గౌరవ ప్రొఫెసర్‌గా తీసుకుంది. ఇదంతా ఒక బయోడేటాలో నాలుగు లైన్లు. అసలు కథ వేసవి సెలవుల్లోనో చలికాలంలోనో ఆమె ఎక్కడుండేవారన్నదే.

హంపీలో ఉండేవారు. ఆర్కిటెక్ట్‌గా చదువుకుని తర్వాత కళాచరిత్రలోకి వచ్చిన ఆస్ట్రేలియన్ జార్జ్ మిచెల్, అమెరికన్ ఆర్కియాలజిస్ట్ జాన్ ఫ్రిట్జ్ కలిసి 1980ల నుంచి విజయనగర శిథిలాలను అంగుళం అంగుళం కొలిచి పటాలు గీశారు. ఆ బృందంలో ఈమె శిల్పాల బాధ్యత తీసుకున్నారు. హజార రామాలయం గోడల మీద రామాయణం ఏ వరుసలో నడుస్తుందో, మహానవమి దిబ్బ మీద చెక్కిన ఏనుగులు, గుర్రాలు, వేటగాళ్లు, నాట్యకత్తెలు ఏం చెబుతున్నారో ఒక్కో రాయి పట్టుకుని వివరించారు. రామాలయం పుస్తకం 1992లో, మహానవమి దిబ్బ పుస్తకం 2010లో వచ్చాయి. మధ్యలో 18 ఏళ్లు. ఈ రంగంలో కాలం అలా నడుస్తుంది. 'ఆరు నెలల్లో కోర్సు, ఏడో నెలలో ఉద్యోగం' అనే ప్రకటనలు చూసి అలవాటైన మనకు ఇది వింతగానే ఉంటుంది.

ఆమె పని గుళ్లతో ఆగలేదు. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న దక్షిణ భారత చిత్రాలకు కేటలాగ్ రాశారు. లండన్‌లోనే విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న కలంకారీ గుడి తెరల మీద 2015లో పుస్తకం తెచ్చారు. మన శ్రీకాళహస్తి తెరల్లో బొమ్మల పక్కన కథ తెలుగులో రాసి ఉంటుంది. మన తాతలు చదువుకున్న అక్షరాలు చదవగలిగినవాళ్లు లండన్ మ్యూజియం స్టోర్ రూములో అవసరమయ్యారన్న మాట. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ పనికొస్తుంది.

చివరికి లేపాక్షి. డల్లపికోలా, మిచెల్, వస్త్రాల చరిత్రలో నిపుణురాలైన బ్రిగిట్ ఖాన్ మజ్లిస్ కలిసి లేపాక్షి వాస్తు, శిల్పం, చిత్రాల మీద పెద్ద పుస్తకం రాశారు. గుడి పుస్తకానికి బట్టల నిపుణురాలు ఎందుకు? పైకప్పు చూసినవాళ్లకు అర్థమవుతుంది. అక్కడి ఆడవాళ్ల చీరల మీద గళ్లు, చారలు, పూలు, హంసలు ఒకదానిలా ఒకటి ఉండవు. 16వ శతాబ్దపు నేత బట్ట ముక్కలు మనకు దొరకడం అరుదు. కానీ ఆ బట్టల బొమ్మలు అక్కడ సున్నపు గార మీద మిగిలాయి. ధర్మవరంలో మగ్గం ఉన్న ఇంట్లో పుట్టినవాళ్లకు ఆ అంచులు, ఆ కొంగులు చూడగానే తట్టే విషయాలు మిగతావాళ్లకు పుస్తకాలు తిరగేస్తే గానీ తట్టవు.

ఒక టోపీ చెప్పిన చరిత్ర

అదే గుడిలో గర్భాలయానికి దగ్గరగా ఉన్న పైకప్పు మీద భారీ వీరభద్రుడి చిత్రం ఉంది. అచ్యుతదేవరాయల కాలంలో, అంటే 1529-42 మధ్య, ఈ గుడి కట్టించిన అన్నదమ్ములు విరూపణ్ణ, వీరణ్ణ ఆ చిత్రంలో భక్తితో కనిపిస్తారు. వాళ్ల తలల మీద పొడవాటి కోసు టోపీలు చూడండి. వాటిని కుల్లాయి అంటారు. శ్రీనాథుడిదిగా చెప్పే చాటువులో ఈ మాట వస్తుంది. కన్నడ రాజు దర్శనం కోసం ఎన్ని వేషాలు వేయాల్సి వచ్చిందో వాపోతాడు, ఆ లిస్టులో మొదటిది కుల్లాయే. ఇంటర్‌లోనో డిగ్రీలోనో తెలుగు మేష్టారు చెప్పే ఉంటారు.

అమెరికాలోని వెస్లియన్ యూనివర్సిటీలో కళాచరిత్ర ప్రొఫెసర్‌గా పనిచేసిన ఫిలిప్ వాగనర్‌కు ఈ టోపీ ఒక పరిశోధన అయింది. ఆయన తెలుగు నేర్చుకున్నారు. ఊరికే పలకరింపులకు సరిపడా కాదు, కృష్ణదేవరాయల కథ చెప్పే రాయవాచకమనే పాత తెలుగు వచనాన్ని ఇంగ్లిష్‌లోకి తేగలిగినంత. ఆ అనువాదం 1993లో హవాయి యూనివర్సిటీ ప్రెస్ ప్రచురించింది. మూడేళ్లకు, 1996లో, ఆయన రాసిన ఒక వ్యాసం విజయనగర చరిత్ర చదివే తీరునే మార్చింది. కుల్లాయి అనే మాట పారశీకంలోని కులాహ్ నుంచి వచ్చింది, రాజులు కొలువులో తొడిగిన కబాయి అనే పొడుగు చొక్కా పేరు అరబ్బీ ఖబా నుంచి వచ్చింది. అంటే, విజయనగర రాజులు తమ దేవుళ్లను, పూజలను వదలకుండానే, కొలువులో మాత్రం సుల్తానుల లోకంతో సమానంగా కనిపించే దుస్తులు వేసుకున్నారన్నది ఆయన వాదన. హిందూ రాజ్యం ఒకవైపు, ముస్లిం రాజ్యం ఇంకోవైపు గోడ కట్టినట్టు చెప్పే చరిత్రకు ఒక టోపీ అడ్డం పడింది.

వాగనర్ తర్వాత చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్‌తో కలిసి కల్యాణి, రాయచూరు, వరంగల్ కట్టడాల మీద చేసిన పని 2014లో పుస్తకంగా వచ్చింది. వాళ్లిద్దరిలో ఒకరు పారశీకం వైపు నుంచి, ఒకరు తెలుగు వైపు నుంచి వచ్చారు. అలాంటి పనికి జోడీ కావాలి.

ఇక్కడ ఆగి ఒక్క లెక్క వేసుకోండి. వాగనర్ ఎంతో కష్టపడి సంపాదించిన తెలుగు మీకు ఇంట్లోనే ఉంది. లేపాక్షి శాసనాల్లో ఎక్కువ కన్నడంలో ఉన్నాయి. హిందూపురం, మడకశిర, రాయదుర్గం వైపు వాళ్లకు కన్నడం పక్కింటి భాష, లిపి కూడా తెలుగుకు తోబుట్టువే. ఇక మీకు లేనివేంటి? ఇంగ్లిష్‌లో నాలుగు పేజీలు సూటిగా రాసే అలవాటు. కొలత పుస్తకం. వందల గుళ్లు చూసిన కన్ను. పాత లిపి చదివే శిక్షణ. ఇవన్నీ నేర్చుకుంటే వచ్చేవే. భాష మాత్రం అంత సులువుగా రాదు.

అన్నట్టు, ఈ పనికి గుడి మీద భక్తి ఉండాలా వద్దా అని కొందరు అడుగుతుంటారు. ఉన్నా ఇబ్బంది లేదు, లేకపోయినా ఇబ్బంది లేదు. విరూపణ్ణ తన కళ్లు తనే పీకేసుకున్నాడన్న కథను భక్తుడు నమ్ముతాడు, హేతువాది కొట్టిపారేస్తాడు. కళాచరిత్రకారుడు మాత్రం 'ఈ కథ మొదట ఎక్కడ రాసి ఉంది? ఎప్పటి నుంచి చెబుతున్నారు?' అని అడుగుతాడు. ఆ తేడా పట్టుబడితే సగం శిక్షణ అయినట్టే.

మరి కూడెట్ల వస్తాది?

ఇప్పుడు ఇంట్లోవాళ్ల ప్రశ్న. ఉన్నది ఉన్నట్టు చెప్పుకుందాం. కళాచరిత్రలో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులు దేశం మొత్తంలో తక్కువ. సాఫ్ట్‌వేర్‌లాగా వేలల్లో నోటిఫికేషన్లు రావు. వచ్చినచోట జీతం బాగుంటుంది, యూజీసీ స్కేలులో మూలవేతనం 57,700 రూపాయలతో మొదలవుతుంది, పైన అలవెన్సులు. అయితే ఆ కుర్చీ దాకా వెళ్లడానికి ఎంఏ రెండేళ్లు, పీహెచ్‌డీ నాలుగైదేళ్లు, ఆ తర్వాత గెస్ట్ ఫ్యాకల్టీగా తిరిగే కాలం. గెస్ట్ ఫ్యాకల్టీ అంటే సెమిస్టర్ ముగిశాక మళ్లీ వెతుక్కోవడమే. దీన్ని దాచి 'ప్యాషన్ ఉంటే చాలు' అని చెప్పేవాళ్ల మాట నమ్మొద్దు.

ఈ మధ్యలో ఇల్లు గడవాలంటే జేఆర్‌ఎఫ్ పెద్ద ఆధారం. యూజీసీ నెట్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు, హెచ్‌ఆర్‌ఏ అదనం. చదువుకుంటూ నాయనకు డబ్బు పంపగలిగే దారి ఇదొక్కటే అనుకోండి. నెట్‌లో కళాచరిత్ర విజువల్ ఆర్ట్ సబ్జెక్టులో భాగంగా ఉంటుంది. ఆర్కియాలజీ, మ్యూజియాలజీ అండ్ కన్జర్వేషన్, హిస్టరీ వేరే సబ్జెక్టులు. మీ ఎంఏ దేంట్లో అన్నదాన్ని బట్టి ఏది రాయాలో తేలుతుంది.

అందుకే ఎంఏ ఎంచుకునేటప్పుడే ఆలోచించాలి. ఇక్కడ రెండు దారులున్నాయి, రెండింటికీ లాభనష్టాలున్నాయి.

మొదటిది నేరుగా కళాచరిత్ర. బరోడాలోని ఎంఎస్ యూనివర్సిటీకి ఈ సబ్జెక్టులో పాత పేరుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూల్, ఢిల్లీ జేఎన్‌యూలో స్కూల్ ఆఫ్ ఆర్ట్స్ అండ్ ఈస్తటిక్స్, బనారస్ హిందూ యూనివర్సిటీ, శాంతినికేతన్ కళాభవన్, నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్ ఉన్నాయి. ఈ చివరిది మీరు పాత పుస్తకాల్లో నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్ పేరుతో చూసి ఉంటారు. కొన్నింటికి సీయూఈటీ పీజీ, కొన్నింటికి సొంత ప్రవేశ పరీక్ష. ఏ డిగ్రీ చదివినవాళ్లనైనా తీసుకునేవి కొన్ని, ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ అడిగేవి కొన్ని. నోటిఫికేషన్ పూర్తిగా చదవకుండా అప్లికేషన్ ఫీజు కట్టకండి.

రెండోది చరిత్ర దారి. ఎంఏ హిస్టరీ గానీ, తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో ఉన్న ప్రాచీన చరిత్ర, సంస్కృతి, ఆర్కియాలజీ లాంటి కోర్సు గానీ, కడప యోగి వేమన యూనివర్సిటీలో హిస్టరీ అండ్ ఆర్కియాలజీ గానీ చేసి, పీహెచ్‌డీకి గుడి, చిత్రం, శిల్పం టాపిక్‌గా తీసుకోవడం. ఇంట్లో మీ జీతం కోసం ఎదురుచూసేవాళ్లుంటే ఈ దారే మేలని చెబుతాను. ఎందుకంటే ఎంఏ హిస్టరీ చేతిలో ఉంటే జూనియర్ లెక్చరర్, డిగ్రీ లెక్చరర్ పోస్టులు వచ్చినప్పుడు రాయొచ్చు. బీఎడ్ కలిస్తే స్కూలు ఉద్యోగాలకూ పనికొస్తుంది. కళాచరిత్ర ఎంఏతో ఆ పోస్టులకు అర్హత రావడం కష్టం. కళ మీద ప్రేమతో ఆ తలుపు మూసుకోవాల్సిన పని లేదు. దక్షిణ భారత కళ మీద పనిచేసిన పెద్దవాళ్లలో చాలామంది వేరే సబ్జెక్టు నుంచే వచ్చారు. మద్రాసు మ్యూజియంలో అమరావతి శిల్పాల మీద, ఆ తర్వాత నొళంబ శిల్పాల మీద పుస్తకాలు రాసిన సి.శివరామమూర్తి సంస్కృతం చదివినవారు. చివరికి ఢిల్లీ నేషనల్ మ్యూజియం డైరెక్టరయ్యారు.

యూనివర్సిటీ ఒక్కటే గమ్యం అనుకోవద్దు. మ్యూజియాల్లో క్యూరేటర్లు, కేటలాగ్ రాసేవాళ్లు కావాలి. ఆర్కియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు మైసూరులో శాసనాల విభాగం ఉంది. గ్రేటర్ నోయిడాలో ఆ సంస్థకే పండిత్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ ఆర్కియాలజీ ఇన్‌స్టిట్యూట్ ఉంది, ఎంఏ అయినవాళ్లకు రెండేళ్ల పీజీ డిప్లొమా ఇస్తుంది. సీట్లు మాత్రం చాలా తక్కువ. ఇంటాక్ లాంటి సంస్థల డాక్యుమెంటేషన్ పనులు, ఆర్ట్ గ్యాలరీలు, వేలం సంస్థలు, కళా పుస్తకాల ప్రచురణ.. ఇవన్నీ చిన్న చిన్న తలుపులే గానీ తెరిచే ఉంటాయి. పాత ఫొటోలు, తాళపత్రాలు డిజిటైజ్ చేసే ప్రాజెక్టుల్లో తెలుగు లిపి చదివేవాళ్ల కోసం వెతుకుతుంటారు. మొదటి జీతం చాలామందికి అక్కడే పుడుతుంది.

విదేశం మాటేమిటి?

అమెరికా, కెనడాల్లో ఆర్ట్ హిస్టరీ అంటే పెద్ద డిపార్ట్‌మెంట్. టొరంటో, మెక్‌గిల్, బ్రిటిష్ కొలంబియా లాంటి యూనివర్సిటీల్లో సొంత శాఖలున్నాయి. అక్కడ మ్యూజియానికి, తరగతి గదికి మధ్య గోడ పలచన. మ్యూజియంలో క్యూరేటర్‌గా పనిచేస్తూనే యూనివర్సిటీలో విద్యార్థులను గైడ్ చేసేవాళ్లుంటారు. టొరంటోలోని రాయల్ ఒంటారియో మ్యూజియం 2020లో భారతీయ రంగుల నూలు బట్టల మీద పెద్ద ప్రదర్శన పెట్టింది. మన కోరమాండల్ తీరంలో అద్దకం వేసి ఓడలెక్కించిన బట్టలు అందులో ఉన్నాయి. ఆ బట్టల కథ చెప్పడానికి కెనడాలో ఉద్యోగాలున్నాయి, మచిలీపట్నంలో లేవు. చేదుగా ఉన్నా అది నిజం.

వెళ్లాలనుకుంటే ఒక్క జాగ్రత్త. అక్కడి పీహెచ్‌డీల్లో ఫీజు మాఫీ చేసి, బతకడానికి భత్యం కూడా ఇచ్చేవి ఉన్నాయి. ఎంఏలకు అలా ఇవ్వడం తక్కువ. పొలం తాకట్టు పెట్టి, 30 లక్షలు అప్పు చేసి ఆర్ట్ హిస్టరీ ఎంఏకు వెళ్లడం నాకైతే తెలివైన పని అనిపించదు. ఇక్కడ ఎంఏ, వీలైతే ఒక చిన్న ప్రచురణ, ఆపైన ఖర్చు భరించే పీహెచ్‌డీకి దరఖాస్తు.. ఈ వరుస మేలు. ఇక్కడ పీహెచ్‌డీలో ఉండగానే కొన్ని నెలలు అమెరికా యూనివర్సిటీలో పనిచేయడానికి ఫుల్‌బ్రైట్-నెహ్రూ ఫెలోషిప్ ఉంది. పారశీకమో జర్మనో ఒక భాష ముందే మొదలుపెడితే కలిసొస్తుంది.

ఈ ఆదివారం నుంచే..

టాపిక్‌లు లేవనుకుంటున్నారా? అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాలను మ్యాపులో పెట్టుకోండి. అమరాపురం మండలం హేమావతి ఒకప్పుడు నొళంబ రాజుల రాజధాని. అక్కడి స్తంభాలు, శిల్పాలు కొన్ని ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉన్నాయి. తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వర, చింతల వెంకటరమణ ఆలయాల రాతి పని ఉంది. పెనుకొండ కోట ఉంది, 1565 యుద్ధం తర్వాత విజయనగర రాజులు తలదాచుకున్నది అక్కడే. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులున్నారు, వాళ్లలో దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మల పెద్ద కళ్లు, నిలబడే తీరు లేపాక్షి చిత్రాల్లా ఉంటాయని చాలామంది అంటారు. అనడం తేలిక. ఏ బొమ్మ ఏ చిత్రంలా ఉంది, ఆ పోలిక ఎంత దూరం నిలబడుతుంది, మధ్యలో 400 ఏళ్లు ఏమైంది? అది ఒక పీహెచ్‌డీకి సరిపడా పని.

ఇంకో విషయం, ఇది తొందరపడాల్సిన విషయం. లేపాక్షి పైకప్పు మీద కొన్నిచోట్ల గార ఊడిపోయింది, రంగు వెలిసిపోయింది. ఆ గుడి, నంది 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి వెళ్లాయి గానీ, జాబితాలో పేరుంటే రంగు ఆగిపోదు. ఇవాళ కనిపించేది ఇవాళే రాసి పెట్టుకోవాలి.

కాబట్టి ఒక నోటు పుస్తకం, టేపు, పెన్సిల్ తీసుకుని వెళ్లండి. గుడి అంతా వద్దు, పైకప్పులో ఒక్క అంకణం ఎంచుకోండి. ఎంతమంది మనుషులున్నారు, ఎవరు ఎటు చూస్తున్నారు, తల మీద ఏముంది, బట్ట మీద ఏ డిజైన్, ఎక్కడ చెరిగిపోయింది.. కనిపించింది మాత్రమే రాయండి. కథ ఏంటో గైడును అడగకండి, ముందు మీరే ఊహించి రాయండి. తర్వాత పుస్తకంతో సరిచూసుకోండి. ఫోన్‌లో తీసిన ఫొటోలకు తేదీ, చోటు, దిక్కు రాసి ఫోల్డర్లు చేయండి. ఫ్లాష్ మాత్రం వాడొద్దు. ఇలా మూడు నాలుగుసార్లు వెళ్లాక రెండు పేజీలు ఇంగ్లిష్‌లో, రెండు పేజీలు తెలుగులో రాయండి.

ఆ నాలుగు పేజీలు ఎంఏ ఇంటర్వ్యూకు మీ చేతిలో ఉండాలి. 'ఆర్ట్ హిస్టరీ ఎందుకు?' అని బోర్డు అడిగినప్పుడు చిన్నప్పటి నుంచీ ఇష్టమని అందరూ చెబుతారు, మీరు ఆ కాగితాలు టేబుల్ మీద పెట్టండి. మీకు నచ్చిన పుస్తకం రాసిన ప్రొఫెసర్‌కు ఈమెయిల్ పంపేటప్పుడూ అంతే. 'నాకు గైడెన్స్ కావాలి సార్' అని రాస్తే జవాబు రాకపోవచ్చు. 'ఫలానా పేజీలో మీరు చెప్పిన బొమ్మలో ఎడమవైపు రెండో మనిషి తలపాగా గురించి నాకో సందేహం ఉంది, ఫొటో జతచేశాను' అని రాసి చూడండి.